సువ్వి పాట, బ్లూస్ పాట



పోయిన నెల మన గోడపత్రికలో పాముల గురించి చదివినాము. ఈ నెల నేను పాట గురించి రాస్తా వున్నాను. సినిమా పాట కాదు. పని చేసేటప్పుడు ఒంటి నొప్పి తెలియకుండా పాడే పాట, కూలివాళ్ళ నోట్లో పుట్టి ఊర్లు దాటి, సముద్రాలు కూడా దాటిన పాట. ముందే చెప్తున్నాను, వ్యాసం కొంచెం పెద్దది. చార్టులు నాలుగు పట్టినాయి. అన్నం గంట కొట్టేలోపల కాకపోతే మిగతాది సాయంత్రం వచ్చి చదవండి.

అమెరికా దేశంలో "బ్లూస్" అనే పాట రకం ఒకటి వుంది. బ్లూ అంటే నీలం అని మనకు ఒకటో తరగతిలోనే చెప్పినారు. ఇంగ్లీషువాళ్ళు మనసు దిగులుగా వుంటే దానికి కూడా అదే మాట వాడతారు. కాబట్టి బ్లూస్ అంటే దిగులు పాటలు అనుకోవచ్చు. అట్లని ఏడుపు పాటలు అనుకోవద్దు. వాటిలో ఎగతాళి వుంటుంది, దొరను పేరు పెట్టకుండా తిట్టడం వుంటుంది, మొగుడి మీద ఫిర్యాదు వుంటుంది, ఊరు విడిచి పోతానని బెదిరింపు కూడా వుంటుంది. నాట్లేసే ఆడవాళ్ళ పాటలు గట్టు మీద కూర్చుని విన్నవాళ్ళకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

ఈ పాటను అర్థం చేసుకోవాలంటే మన రోలు దగ్గర మొదలుపెట్టడం మంచిది. రోట్లో వడ్లు దంచేటప్పుడు ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు చుట్టూ నిలబడి ఒకే రోట్లో రోకళ్ళు వేస్తారు. ఒకరి రోకలి పైకి లేచినప్పుడు ఇంకొకరిది కిందికి దిగాల. తాళం తప్పితే రోకలీ రోకలీ కొట్టుకుంటాయి, లేకుంటే చేయి నలుగుతుంది. అందుకని పాట. రోకలి దిగేటప్పుడు రొమ్ములోని గాలి "ఉస్సు"మని బయటికి వస్తుంది గదా, ఆ ఊపిరి చప్పుడే "సువ్వి" అనే మాటగా మారిందని అంటారు. ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవాళ్ళు సువ్వి అని అందుకుంటారు. పాడే ఆమె అలిసిపోతే ఇంకొకామె ఎత్తుకుంటుంది. రోకలి మాత్రం ఆగదు.

బావి దగ్గర ఏతం పాట ఇంకో రకం. ఒకాయన ఏతం మాను మీద ముందుకూ వెనక్కూ నడుస్తాడు. కిందున్నాయన పైకొచ్చిన నీళ్ళు కాలవలోకి వంచుతాడు. ఎన్ని సార్లు నీళ్ళు పోసినారో లెక్క పాటలోనే నడుస్తుంది. ఒక్కో అంకెకు ఒక దేవుడి పేరో, ఊర్లో జరిగిన సంగతో తగిలించి పాడేది. పలక లేదు, బలపం లేదు, లెక్క తప్పేది కాదు. మన లెక్కల సారు వింటే సంతోషపడతారు.

అంటే ఈ పాటలు తీరిక వేళ కాలక్షేపానికి కట్టినవి కావు. రోకలి ఎట్లా పనిముట్టో పాట కూడా అట్లాంటి పనిముట్టే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ కావాల.

ఇప్పుడు సముద్రం దాటుదాము. ఆఫ్రికా నుంచి నల్లజాతి వాళ్ళను ఓడల్లో పట్టుకొచ్చి అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో వరి, పొగాకు, పత్తి చేలల్లో బానిసలుగా అమ్మినారు. భాష పోయింది, పేర్లు పోయినాయి, తల్లి ఒక చోట బిడ్డ ఒక చోట అయినారు. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో అనే ఏటి దగ్గర కొందరు బానిసలు తిరగబడి, డప్పులు కొట్టుకుంటా బయలుదేరినారు. దాన్ని అణిచేసినాక 1740లో ఒక చట్టం చేసినారు. బానిసలు డప్పులు, కొమ్ములు వాయించకూడదని అందులో రాసినారు. డప్పుకు అంత భయపడినారు! మన పల్లెల్లో జాతరప్పుడు పలకలు మోగితే ఎట్లా వుంటుందో మనకు తెలుసు గనక ఆ దొరలు ఎందుకు భయపడినారో ఊహించుకోవచ్చు.

డప్పు లాక్కుంటే చప్పట్లు, తొడ మీద దరువు, నేల మీద పాదం చప్పుడు మిగిలినాయి. సొరకాయ బుర్రకు తోలు బిగించి, కట్టె తగిలించి, తీగలు కట్టి వాయించే అలవాటు ఆఫ్రికా నుంచి వెంట వచ్చింది. అదే తర్వాత బాంజో అనే వాయిద్యం అయ్యింది. కిన్నెర చూసినవాళ్ళు దాని బొమ్మ చూస్తే ఇది మన ఇంటిదే అనుకుంటారు.

1865లో అక్కడ బానిసత్వం చట్టం ప్రకారం రద్దయ్యింది. భూమి మాత్రం దొరల దగ్గరే వుండిపోయింది. నల్లజాతి వాళ్ళు అదే భూమిని కోరుకు చేసినారు. విత్తనం, తిండిగింజలు, గుడ్డ అన్నీ దొర దగ్గర అప్పు. పత్తి అమ్మినాక దొర పుస్తకం తీసి లెక్క చదివేవాడు. లెక్క చివర చాలాసార్లు అప్పే మిగిలేది. చదువు రాదు గనక ఎదురు అడగలేరు. మన తాతల కాలంలో పెద్ద రైతుల ఇండ్లలో జీతానికి వుండినవాళ్ళ కథ దీనికి ఎంత దగ్గరో చూడండి. మన దేశంలో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది 1976లో.

ఆ చేలల్లో ఒక్కడే మడక దున్నేవాడు గొంతెత్తి దీర్ఘం తీసేవాడు. పక్క చేనివాడు దానికి బదులు పలికేవాడు. రైలు పట్టాలు సరిచేసే గుంపు ఇంకో రకం. పది మంది గడారులు పట్టుకుని పట్టాను పక్కకు జరపాలంటే అందరి బలం ఒకే క్షణంలో పడాల. ఒకాయన పాడతాడు, పాట దెబ్బ మీద అందరూ కలిసి తోస్తారు. మన రోకలి పాట లెక్కే ఇది. ఈ దీర్ఘాలు, ఈ పని పాటలు, చర్చిలో పాడే పాటలు అన్నీ కలిసి 1800ల చివర, 1900ల మొదట్లో బ్లూస్ అయినాయి. ఫలానా రోజు ఫలానా ఆయన కనిపెట్టినాడు అని చెప్పేదానికి లేదు.

ఇక్కడ ఒక చిక్కు వుంది. నోట్లో పుట్టిన పాట నోరు పోతే పోతుంది. దాన్ని ఎవరైనా పట్టుకుని ఎక్కడైనా పెట్టాల. ఆ పని మన తెలుగులో అమెరికా కంటే ఎంతో ముందే జరిగింది. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమన అనే కవి పండితారాధ్య చరిత్రలో జనం పాడే పాటల రకాలు రాసినాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు ఇట్లా. కానీ పేర్లే, పాటలు రాయలేదు. మెస్సు బోర్డు మీద కూర పేరు చదివినట్టు వుంటుంది, ఆకలి తీరదు.

పాటలే దొరకాలంటే ఇంకో రెండు వందల ఏండ్లు ఆగి మన తిరుపతికే రావాల. రాజంపేట దగ్గర తాళ్ళపాకలో 1408లో పుట్టిన అన్నమయ్య కొండకు వచ్చి, 1503 దాకా బతికి, 32 వేల పాటలు పాడినాడని ఆయన మనవడు చిన్నన్న రాసినాడు. అన్నమయ్య పాటలను మనం భక్తి పాటలుగానే వింటాము. సరే, అవి భక్తి పాటలే. కానీ ఆయన బాణీలు యాడ నుంచి తెచ్చుకున్నాడో చూడండి. సువ్వి పాట వుంది. గొబ్బి పాట వుంది. జోల వుంది. జాజర పాట వుంది. ఏల పాట వుంది. ఇవన్నీ దంచేవాళ్ళవి, ఊయల ఊపేవాళ్ళవి, వెన్నెల్లో ఆడుకునే పిల్లలవి. పండితుడైన ఆయన ఆ బాణీల్లోకి దేవుణ్ణి దింపినాడు. నా లెక్కలో అది చాలా పెద్ద పని. అన్నమయ్య దాన్ని ఒప్పుకుని చేతిలోకి తీసుకోకుంటే సువ్వి అనే మాట 1400లలో ఎట్లా పాటలో కూర్చుందో మనకు తెలిసేదే కాదు.

ఆ పాటలను రాగి రేకుల మీద చెక్కించినారు. రెండు వేలకు పైగా రేకులు. వాటిని కొండ మీద గుడిలో ఒక చిన్న అరలో పెట్టినారు. తర్వాత వందల ఏండ్లు జనం వాటిని మరిచిపోయినారు. 1922లో అవి వెలుగులోకి వచ్చినాయి. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి, ఆ తర్వాత వేటూరి ప్రభాకర శాస్త్రి వంటి పండితులు వాటిని చదివి అచ్చుకు తెచ్చినారు. ఇప్పుడు 12 వేలకు పైగా పాటలు మనకు దొరుకుతున్నాయి.

అయితే రేకు మీద ఏముంది? పాట పైన రాగం పేరు వుంది, కింద మాటలు వున్నాయి. ఎట్లా పాడాలో లేదు. మాట దొరికింది గానీ గొంతు దొరకలేదు. అందుకని 1950ల్లో రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ, మన రాయలసీమలోని అనంతపురం జిల్లా ఆయనే, తిరుపతిలో కూర్చుని పాటలకు కొత్తగా స్వరాలు కట్టినారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్ళు అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టినారు. గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ గారు వందల పాటలకు బాణీలు కట్టి, 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూసినారు. కొండకు పోయేటప్పుడు మైకులో మనం వినే పాటల్లో మాట అయిదారు వందల ఏండ్లది, బాణీ మాత్రం మన తాతల, నాయనల కాలంది. ఇది తక్కువ చేసి చెప్పడం కాదు. రాత ఏం దాచగలదో ఏం దాచలేదో చూపించడానికి చెప్తున్నాను.

అమెరికాలో రాగి రేకు పని చేసినాయన పేరు డబ్ల్యూ. సి. హ్యాండీ. ఆయన నల్లజాతి ఆయనే, చదువుకున్న సంగీత విద్వాంసుడు, బ్యాండు నడిపేవాడు. 1903 ప్రాంతంలో మిసిసిపి రాష్ట్రంలో టట్‌వైలర్ అనే చిన్న స్టేషనులో రాత్రి పూట రైలు కోసం కాచుకుని నిద్రపోయినాడంట. మెలకువ వచ్చేసరికి పక్కన చినిగిన గుడ్డలతో ఒక బక్క మనిషి గిటారు వాయిస్తా వున్నాడు. తీగల మీద వేళ్ళు పెట్టకుండా కత్తి పెట్టి జరుపుతా వున్నాడు. రెండు రైలు దారులు ఒకదాన్నొకటి దాటే చోటికి పోతానని ఒకే మాట మూడు సార్లు పాడినాడు. మనం పాకాల జంక్షనుకో, రేణిగుంట జంక్షనుకో పోతానని పాడినట్టు అనుకోండి. అంత విచిత్రమైన సంగీతం తాను ఎప్పుడూ వినలేదని హ్యాండీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ తర్వాత అట్లాంటి పాటలు కాగితం మీద స్వరాలతో రాసి అచ్చేసినాడు. 1912లో "మెంఫిస్ బ్లూస్", 1914లో "సెయింట్ లూయిస్ బ్లూస్". మొదటి దాని హక్కులు యాభై డాలర్లకు అమ్ముకున్నాడు. అది దేశమంతా మోగింది, లాభం వేరేవాళ్ళకు పోయింది.

బ్లూస్ పాట కట్టే పద్ధతి సులభం. మొదటి వరస పాడతారు. అదే వరస మళ్ళీ పాడతారు. మూడో వరసలో దానికి జవాబు చెప్తారు. ఒక్కో వరసకు నాలుగు ఆవర్తాలు, మొత్తం పన్నెండు. వరసకూ వరసకూ మధ్య గిటారు బదులు పలుకుతుంది, రెండో మనిషి అందుకున్నట్టు. అప్పటికప్పుడు కట్టి పాడేవాళ్ళకు రెండో సారి పాడేటప్పుడు మూడో వరస ఆలోచించుకునే టైము దొరుకుతుంది. తెలివైన ఏర్పాటు. నమూనాకు నేనొకటి కట్టినాను, నవ్వితే నవ్వండి:

సోమవారం పొద్దున్నే మా ఊరి బస్సు రాలేదు,
అవునన్నా, సోమవారం పొద్దున్నే మా ఊరి బస్సు రాలేదు,
పెట్టె నెత్తిన పెట్టి నడిచొస్తే మెస్సులో ఉప్మా మిగల్లేదు.

మా గది తమ్ముళ్ళు దీన్ని ఇప్పటికే పళ్ళేల మీద కొట్టి పాడతా వున్నారు. వార్డెన్ సారు క్షమించాల.

స్వరం సంగతి కొంచెం కష్టం. హార్మోనియం మీద గాంధారానికి రెండు మెట్లు వుంటాయి, సాధారణ గాంధారం ఒకటి, అంతర గాంధారం ఒకటి. బ్లూస్ పాడేవాళ్ళు ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో నిలబడతారు. నిషాదం కూడా అంతే. మెట్ల వాయిద్యంలో ఆ చోటు లేదు. గొంతులో వుంది. గిటారు తీగ మీద కత్తో, సీసా మెడో జరిపితే దొరుకుతుంది. టట్‌వైలర్ స్టేషనులో ఆ మనిషి కత్తి ఎందుకు పట్టుకున్నాడో ఇప్పుడు తెలిసింది గదా. మన పెద్దవాళ్ళు పాడేటప్పుడు హార్మోనియం మీద పట్టుకోబోతే దొరకదు చూడండి, "అవ్వకు శ్రుతి లేదు" అంటాము. శ్రుతి లేక కాదు, ఆ మెట్టు హార్మోనియంలో లేదు.

కాగితం కూడా రాగి రేకు లాంటిదే, ఆ మధ్య చోటును రాయలేదు. దాన్ని పట్టింది గ్రామఫోను. 1920 ఆగస్టు 10న న్యూయార్కులో మామీ స్మిత్ అనే నల్లజాతి గాయని "క్రేజీ బ్లూస్" అనే పాట రికార్డు చేసింది. నల్లజాతి వాళ్ళ పాటను ఎవరు కొంటారని కంపెనీల వాళ్ళు అంతకు ముందు పట్టించుకోలేదు. ఆ పాట కట్టిన పెర్రీ బ్రాడ్‌ఫోర్డ్ అనే ఆయన వెంటపడి ఒప్పించినాడు. రికార్డు వేల మీద అమ్ముడుపోయింది. కొన్నది ఎవరు? ఇండ్లలో పాచి పని చేసే ఆడవాళ్ళు, కూలీలు, రైల్లో సామాన్లు మోసేవాళ్ళు. తమ పాట తాము కొనుక్కున్నారు. దాంతో కంపెనీలు ఎగబడినాయి. 1923లో బెస్సీ స్మిత్ వచ్చింది. ఆమె గొంతు మైకు లేకుండానే పెద్ద హాలు చివరికి వినపడేదంటారు. 1937లో మిసిసిపిలో కారు ప్రమాదంలో చనిపోయింది. అంత పేరున్న మనిషి సమాధి మీద 1970 దాకా పేరు రాసిన రాయి లేదు. చివరికి జానిస్ జాప్లిన్ అనే తెల్లజాతి గాయని, చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పని చేసిన జువానిటా గ్రీన్ అనే ఆమె కలిసి డబ్బు పెట్టి రాయి వేయించినారు.

ఇక్కడ మనం సాకు చెప్పేదానికి లేదు. గ్రామఫోను మన దేశానికి వాళ్ళ బ్లూస్ రికార్డు కంటే 18 ఏండ్లు ముందే వచ్చింది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసినారు. ఆ తర్వాత కచేరీ విద్వాంసుల పాటలు, మన తెలుగు నాటకాల పద్యాలు ఎన్నో రికార్డులైనాయి. రోలు దగ్గరికి మాత్రం ఆ పెట్టె రాలేదు. పెట్టె లేక కాదు, దంచే ఆమె దగ్గర రికార్డు కొనే డబ్బు లేదు, ఆమె పాట కొనాలని ఇంకెవరికీ తోచలేదు.

బ్లూస్ రికార్డుల్లో నాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది వరద కథ. 1927లో మిసిసిపి నది కట్టలు తెగి లక్షల మంది ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు. 1929లో చార్లీ పాటన్ అనే గాయకుడు ఆ వరద మీద పాట రికార్డు చేసినాడు. ఏ ఏ ఊర్లోకి నీళ్ళు వచ్చినాయో, ఎటు పోదామన్నా దారి లేదనో, పేపరు చదివినట్టు పాడినాడు. దాదాపు వందేండ్ల తర్వాత కూడా ఆ ఊర్ల పేర్లు ఆ గొంతులో వున్నాయి. మన పక్కనే 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి ఊర్లు మునిగినాయి, మనుషులు కొట్టుకుపోయినారు. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక అక్కడికి దూరం కాదు. ఆ పక్క ఊర్ల నుంచి మన బడికి వచ్చినవాళ్ళు వున్నారు. ఆ వరద మీద మీ ఇండ్లలో ఎవరైనా పాట కట్టి వుంటే వచ్చే నెల పత్రికలో మొదటి చార్టు దానికే.

1933లో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్ కారులో బరువైన రికార్డింగు మిషను పెట్టుకుని దక్షిణాది జైళ్ళు తిరిగినారు. పాత పని పాటలు జైళ్ళలోనే బాగా మిగిలి వుంటాయని వాళ్ళ ఆలోచన. అక్కడ ఖైదీలను గుంపులుగా చేలల్లో పని చేయించేవాళ్ళు. లూసియానాలో అంగోలా జైల్లో లెడ్‌బెల్లీ అనే గొప్ప గాయకుడు వాళ్ళకు దొరికినాడు. 1941లో అలన్ లోమాక్స్, జాన్ వర్క్ అనే నల్లజాతి ప్రొఫెసరు మిసిసిపిలో ఒక పత్తి తోటకు పోయి ట్రాక్టరు తోలే ఒక కుర్రవాడి పాట రికార్డు చేసినారు. అతనే మడ్డీ వాటర్స్. ఆ రికార్డులో తన గొంతు తాను విన్నాక, నేను కూడా పాడగలను అని అతనికి ధైర్యం వచ్చింది. 1943లో రైలెక్కి చికాగో పోయినాడు. అట్లా 1910ల నుంచి 1970 దాకా సుమారు 60 లక్షల మంది నల్లజాతి వాళ్ళు దక్షిణాది వదిలి పోయినారు. మన ఊర్ల నుంచి బెంగళూరు బిల్డింగు పనులకు పోయే బస్సులు చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

చికాగోలో హోటళ్ళు, బార్లు, గోల. మామూలు గిటారు వినపడదు. మడ్డీ వాటర్స్ కరెంటు గిటారు పట్టుకున్నాడు. పల్లె పాట అట్లా కరెంటు పాట అయ్యింది. ఆ రికార్డులు సముద్రం దాటి లండన్ చేరినాయి. 1962లో అక్కడి కుర్రవాళ్ళు కొందరు గుంపు కట్టి, మడ్డీ వాటర్స్ పాట ఒకదాని పేరు మీద "రోలింగ్ స్టోన్స్" అని పేరు పెట్టుకున్నారు. రాక్ సంగీతం అని ఇప్పుడు టీవీలో ఎగిరే గిటార్లన్నిటికీ వేరు అక్కడుంది. మన సినిమా పాటల్లో మోగే గిటారు కూడా ఆ కుదురుకు చుట్టమే.

ఇప్పుడు నాకు కుదరని మాట ఒకటి చెప్పాల. అన్నమయ్య పేరు మనకు తెలుసు. ఆయన చెవిలో సువ్వి పాట వేసిన ఆడవాళ్ళ పేర్లు ఏ రేకు మీదా లేవు. హ్యాండీ పేరు తెలుసు, అమెరికాలో ఆయన బొమ్మతో పోస్టల్ స్టాంపు కూడా వేసినారు. స్టేషనులో కత్తితో గిటారు వాయించిన మనిషి పేరు హ్యాండీకి కూడా తెలీదు.

మా ఎరుకల వాళ్ళ సంగతి కూడా ఇంతే. మేము ఇంట్లో మమ్మల్ని కుర్రు అని చెప్పుకుంటాము. మా ఆడవాళ్ళు బుట్ట చంకన పెట్టుకుని సోది చెప్తా ఊరూరా తిరిగేవాళ్ళు. ఆ సోది పాట ఎంత అందంగా వుండేదంటే, దాన్ని చూసి కవులు కురవంజి అనే నాటకాలు రాసినారు. తంజావూరు రాజుల సభల్లో ఆడినారు. యక్షగానాల్లో ఎరుకలసాని వేషం వచ్చిందంటే జనం లేచి కూర్చుంటారు. వేషం సభకెక్కింది. వేషం ఎవరిదో వాళ్ళను మాత్రం తెల్లవాళ్ళ ప్రభుత్వం నేరస్థ జాతి అని రాసుకుంది. 1871లో మొదలైన ఆ చట్టం 1911 తర్వాత మన మద్రాసు రాష్ట్రంలోకీ వచ్చింది, దేశమంతటా రద్దయ్యింది 1952లో. ఊరు దాటితే పోలీసులకు చెప్పి పోవాల. పాట పాడుకుంటా తిరిగే బతుకుకు తిరగడమే తప్పయితే పాట ఏమవుతుంది? మా అవ్వకు సోది పాట సగమే వచ్చు. తక్కిన సగం వాళ్ళమ్మకు వచ్చేదంట.

ఇప్పుడు రైసు మిల్లు వచ్చింది, దంపుళ్ళు పోయినాయి. మోటారు వచ్చింది, ఏతం పోయింది, కపిల పోయింది. అవి పోయినందుకు నేను బాధపడను. రోకలి పోటు ఎంత కష్టమో మా అవ్వ భుజం చూస్తే తెలుస్తుంది. కానీ పనిముట్టుతో పాటు దాని పాట కూడా పోతా వుంది. ముందే చెప్పినాను గదా, పాట కూడా పనిముట్టేనని.

సంక్రాంతి సెలవుల్లో మేము తొమ్మిదో తరగతి వాళ్ళం ఆరుగురం ఇంట్లో వాళ్ళ ఫోన్లలో పాటలు రికార్డు చేసుకొచ్చినాము. మొత్తం పదకొండు. యానాదుల పాటలు నాలుగు, సుగాలీల పాటలు అయిదు, మావి రెండు. సుగాలీ మాటకు లిపి లేదు గనక తెలుగు అక్షరాల్లో రాస్తే కొన్ని శబ్దాలు సరిగ్గా రావడం లేదు. అందుకని రాతతో పాటు గొంతు కూడా వుండాల. వార్డెన్ సారు కంప్యూటరు గదిలో ఒక ఫోల్డరు పెట్టుకోమన్నారు, వారికి కృతజ్ఞతలు. ఒక్కో పాటకు పాడినామె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పని చేస్తా పాడేవాళ్ళు అనే నాలుగు సంగతులు రాస్తున్నాము. పేరు రాయొద్దన్న ఇద్దరివి రాయలేదు. ఫోను నోటికి మరీ దగ్గర పెట్టొద్దు, ఫ్యాను ఆపండి, మధ్యలో నవ్వొద్దు. పాట తప్పిందని అవ్వలు ఆపేస్తే "తప్పు పోలేదులే అవ్వా" అని మళ్ళీ పాడించండి. తప్పినది కూడా చెరపొద్దు.

మా అవ్వ సువ్వి పాట మాత్రం ఇంకా కాలేదు. మంచం మీద కూర్చోబెట్టి పాడమంటే రెండు వరసలు పాడి ఆగిపోయింది. చేతులు ఊరికే వుంటే పాట రాదంట. రోకలి కావాల అన్నది. మా వీధిలో రోకలి ఒకటి అటక మీద దొరికింది. రోలు ఒక్కటే మిగిలింది, దాంట్లో కోళ్ళకు నీళ్ళు పోస్తా వున్నారు. ఉగాదికి పోయినప్పుడు దాన్ని కడిగి, ఒక శేరు వడ్లు పోసి, అవ్వకు ఎదురుగా రోకలి వేసేదానికి పక్కింటి పెద్దవ్వను కూడా పిలవాల.